ఆకుమందాయన తాగని గ్లాసు

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో విమానాలు దిగేవి కావు. మా నానమ్మ అమ్మే బెల్లం మీద ఈగలు దిగేవి. మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. కొనేవాళ్లు అనుమానపడితే, అమ్మేవాళ్లు ముందుగా ఒక ముక్క తమ నోట్లో వేసుకుని చూపించాలి. ఆ పని నాది. నా పళ్లు తొందరగా పాడవడానికి కారణం మా వ్యాపార నీతే తప్ప నా తిండిపోతుతనం కాదని ఇప్పటికీ వాదిస్తుంటాను.

నానమ్మ చిన్న కూతురికి, అంటే మా చిన్నత్తకు, మెడలో గడ్డలు లేచాయి. పట్నం దవాఖానలో క్యాన్సర్ అని చెప్పి సూదిమందు మొదలుపెట్టారు. జుట్టు రాలిపోతుంటే అత్త అద్దం చూసుకోవడం మానేసింది. సరిగ్గా అప్పుడే మా వారపు అంగట్లో ఒక ఆకుమందాయన దిగాడు. దట్టమైన అడవిలో దొరికే మూలిక అన్నాడు, సూదులు మానేస్తేనే పనిచేస్తుందన్నాడు. జుట్టు మీద ఆశతో అత్త మానేసింది. ఆ పొడి తేవడానికి వెళ్లింది నేనే. గీచి గీచి బేరమాడి, పైన గుప్పెడు కొసరు కూడా వేయించుకున్నాను. విషానికి కొసరు అడిగిన బేరగత్తె మా వంశంలో నేనొక్కదాన్నే.

ఆ పొడి కాచిన కషాయంతో అత్త వాంతులై మంచం పట్టింది. గడ్డలు మళ్లీ పెరిగాయి. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ పొట్లం విప్పి, అందులో నలగకుండా మిగిలిన ఎండు పువ్వొకటి ఏరి, ఇది బిళ్లగన్నేరు అంది. మేమిచ్చే సూదుల్లో ఒకటి ఈ మొక్క నుంచి తీసిందేనని, బుట్టలకొద్దీ ఆకులకు రవ్వంత మందు వస్తుందని, దాన్ని శుద్ధిచేసి, మనిషిని బట్టి కొలిచి నరంలోకి ఎక్కిస్తామని చెప్పింది. కషాయంలో ఏది ఎంత ఉందో ఎవరూ చెప్పలేరంది. రోజంతా తక్కెడ పట్టే నానమ్మకు అంతకు మించి చెప్పనక్కర్లేదు. బిళ్లగన్నేరు మా దుకాణం గోడ పక్కనే పూసేది.

తర్వాతి అంగట్లో నానమ్మ తన బెల్లం గంపను ఆకుమందాయన పక్కనే దించింది. ఆయన పొడితోనే కాచిన కషాయాన్ని ఇత్తడి గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది.

"అన్నా, నీ సరుకంతా నేనే కొంట. జర ఈ గ్లాసు తాగి చూపియ్యి."

"నాకేం రోగమున్నదని తాగాల్నమ్మా?"

"మా పోరికేం రోగమున్నదని దినాం బెల్లం తింటున్నది? అమ్మేటోళ్లు నోట్లె ఏసుకోవాలె. తాగు."

జనం మూగారు. తాగన్నా తాగు అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన గ్లాసు వంక చూశాడు, జనం వంక చూశాడు, పరిచిన గుడ్డ మూటగట్టాడు.

అత్తకు సూదులు మళ్లీ మొదలయ్యాయి. మెల్లగా గడ్డలు కరిగాయి, జుట్టు వచ్చింది. ఇంట్లో అందరూ ఇక ఆయన్ని వదిలేయమన్నారు.

"నా బిడ్డ బతికింది దవాఖానోళ్లతోని. వాడు జేసింది గట్లనే ఉన్నది," అంది నానమ్మ.

ఆయన కొత్తూరు అంగడికి పోతే మా గంపా కొత్తూరు పోయింది. తుక్కుగూడ పోతే తుక్కుగూడ. బెల్లం అమ్ముడుపోయినా పోకపోయినా గ్లాసు మాత్రం ఆయన ముందుండేది. చివరికి ఆయన మా వైపు రావడమే మానుకున్నాడు. ఆ రోజు నానమ్మ, చీమ తినే ముక్కను కూడా తూచే మనిషి, వాడకట్టంతా బెల్లం పంచింది.

ఇప్పుడు విమానాశ్రయం దారి పొడవునా బిళ్లగన్నేరు పూస్తుంది. ఆ మొక్క మీద నాకు కోపం లేదు. ఆయన మీద మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. క్యాన్సర్‌కు ఆకుపసరు చాలని ఎవరైనా ఫోన్‌లో వీడియో చూపిస్తే, సంచిలోంచి ఆ ఇత్తడి గ్లాసు తీసి వాళ్ల ముందు పెడతాను. మొన్న విమానమెక్కబోతుంటే తనిఖీ చేసే అమ్మాయి దాన్ని పైకి తీసి, ఇదెందుకమ్మా అని అడిగింది.

"ఒకాయన తాగాల్సి ఉండె బిడ్డా," అన్నాను. "ఏమో, యాడన్న ఎదురుపడతడేమో."