సరంగు వలలో తలుపు

రేవులో అతని అసలు పేరు ఎవరూ వాడరు. మరబోటు నడిపేవాడు కాబట్టి సరంగు. ఒకసారి కాదంటే కాదనేవాడు కాబట్టి మొండి సరంగు. "మా తమ్ముడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా అది వేరే కుందేలుదంటాడు" అని వాళ్లక్క అందరి ముందూ అనేది. ఆమె రేవు వెనక షెడ్డులో చేపలు కోస్తుంది. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచింది ఆమే కాబట్టి ఎంతమాటైనా అనే హక్కుంది.

బోటెక్కిన కొత్తలో ఒక టేకు చేప అతన్ని పొడిచింది. ఇసుకలో చాప పరిచినట్టు పడుకుని, పక్కనున్న రెక్కలు అలల్లా ఆడిస్తూ ఈదే చేప అది. తోక మీద రంపపు పళ్ల ముల్లు ఉంటుంది. వల కుమ్మరించినప్పుడు చూసుకోకుండా దాని మీద కాలు వేశాడు. తోటివాళ్లు వేడినీళ్లు కాచి కాలు అందులో పెట్టించి ఒడ్డుకు చేర్చారు గానీ, ఆ కాలు ఈడ్చే నడక అలాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి టేకు కనబడితే చాలు, అమ్ముడుపోయినా పోకపోయినా కొక్కెంతో పొడిచి చంపేదాకా అతనికి నిద్ర పట్టేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ వలలో టేకులు పలచబడ్డాయి. పీడ విరగడవుతోందనుకున్నాడు.

ఒకరోజు అతను తెచ్చిన పెద్ద టేకును అక్క కోస్తోంది. చేపల మీద పరిశోధన చేయడానికి రేవుకు వచ్చే అమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది. ఆమెను అందరూ డాక్టరమ్మ అంటారు. కత్తి కడుపులోకి దిగగానే అక్క ఆగిపోయింది.

"ఒరేయ్, ఇలా రా. దీని కడుపులో పిల్లలున్నాయి."

రెండు పిల్లలు. ఎండుటాకు ముడుచుకున్నట్టు రెక్కలు వీపు మీదకి చుట్టుకుని ఉన్నాయి. రెండూ చనిపోయాయి.

"గుడ్లు పెట్టదా ఇది?" అన్నాడు సరంగు.

"లేదన్నా. పిల్లల్నే కంటుంది. నెలల తరబడి మోస్తుంది, లోపలే పాలలాంటిది ఊరి పిల్లలకి అందుతుంది. కాన్పుకి ఒకటో రెండో, అంతే. కనే వయసు రావడానికే ఏళ్లు పడుతుంది. అందుకే ఎక్కువగా పట్టేస్తే మిగతా చేపల్లా మళ్లీ పెరగలేదు. ఇలాగే పడుతూ పోతే ఈ జాతి కనబడకుండా పోతుంది."

"అంటే మనిషిలాగే కంటుందన్నమాట" అంది అక్క, కత్తి పక్కన పెట్టేస్తూ.

సరంగు ఒక పిల్లను అరచేతిలోకి తీసుకున్నాడు. తోక మీద వేలు పోనిచ్చాడు. ముల్లు ఉంది గానీ గుచ్చుకోలేదు. మెత్తటి తోలు తొడుగు కప్పి ఉంది.

"ఇదేంటి డాక్టరమ్మా, ఒరలో పెట్టినట్టుంది?"

"పుట్టేటప్పుడు తల్లికి గుచ్చుకోకుండా అన్నా. తర్వాత ఊడిపోతుంది."

పిల్లను తల్లి పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. పీడ విరగడవుతోందని సంబరపడ్డ సంవత్సరాలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు బోటులో, ఇంజన్ చూసుకునే బామ్మర్దితో చెప్పాడు: "ఇక మన వలలో టేకు చావకూడదు."

"వల నీ మాట వింటుందా బావా? నీ మాట నిన్ను కట్టుకున్న మా అక్కే వినదు."

పడ్డవాటిని తిరిగి నీళ్లలో వదిలి చూశారు. రొయ్యల కోసం సముద్రం అడుగున ఈడ్చే ఆ వలలో గంటల తరబడి నలిగిన టేకులు తిరగబడి తేలుతూ పోయాయి. పైకి లాగాక వదలడం కాదు, వల నీళ్లలో ఉండగానే దారివ్వాలి. వేరే తీరాల్లో వల లోపల ఇనుప ఊచల చట్రం కడతారని, రొయ్యలు సందుల్లోంచి వల చివరి సంచిలోకి పోతాయని, పెద్దవి చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడతాయని డాక్టరమ్మ చెప్పింది. బొమ్మలు కూడా చూపించింది.

వెల్డింగ్ షాపులో చట్రం చేయించి నిలువుగా కట్టాడు. ఒక టేకు వచ్చి దానికి మూతలా అతుక్కుపోయింది. వెనక రొయ్యలకి దారి లేక వల ఖాళీగా లేచింది. రేవంతా నవ్వింది. "వలకి తలుపు పెట్టావట సరంగూ, గడియ కూడా పెట్టించు!"

ఈసారి చట్రాన్ని వాలుగా కట్టి, పైన కంత కోశాడు. రొయ్యలు సంచిలో పడ్డాయి గానీ టేకులు మాత్రం చట్రం అడుగునే ఇరుక్కున్నాయి. అతనూ డాక్టరమ్మా షెడ్డులో వల పరుచుకుని తలలు పట్టుకుంటే, అక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేల మీద పడుకునేదానికి ఆకాశంలో తలుపు పెట్టారేంటర్రా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. కంత కిందకి మారింది.

కానీ అప్పటికే బోటు యజమాని ఓపిక అయిపోయింది. "బోటు నాది. ఆ ఇనుము తీస్తావా, నువ్వు దిగుతావా?"

"దిగుతాను" అన్నాడు సరంగు, తాళాలు అతని చేతిలో పెట్టి.

"పొగరు కాకపోతే ఏంటిది!" అని అక్క వారం పాటు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా వల అల్లే పని మాత్రం ఆపలేదు. ఇంటి ముందు ఇద్దరూ చెరో వైపు కూర్చుని కంత చుట్టూ తాళ్లు బిగించారు. ఎవరిదో పాత చిన్న బోటు అడిగి తెచ్చుకుని, కాలు ఈడ్చుకుంటూ తనే వల లాగి చూశాడు. బామ్మర్ది తిట్టుకుంటూనే వచ్చి ఇంజన్ దగ్గర కూర్చున్నాడు. ఈసారి వలలో రొయ్యలు నలగకుండా మెరుస్తూ వచ్చాయి. రాళ్లూ చెత్తా కూడా కింద కంతలోంచే పోయాయి. టేకు ఒక్కటీ లేదు.

సరుకు కొనేవాళ్లు ఆ రొయ్యల కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాక యజమాని షెడ్డుకు వచ్చాడు. తప్పయిందనలేదు. "ఆ ఇనుప చట్రం ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.

"నాతోనే ఉంది. నేనొస్తే అదీ వస్తుంది."

అలా పాత బోటెక్కాడు. ఒక మధ్యాహ్నం వల మామూలుకంటే బరువుగా లేచింది. చట్రానికి అడ్డంగా ఒక టేకు, తలుపు చెక్కంత ఉంది. కంతలో సగం దూరి రెక్క ఇరుక్కుంది. ప్రాణం ఉంది. తోక అటూ ఇటూ కొరడాలా ఆడుతోంది. కుర్రాళ్లు వెనక్కి జరిగారు.

"కోసేద్దాం బావా, ఇంకోసారి పొడిపించుకుంటావా?" అన్నాడు బామ్మర్ది.

"వల కోయి. దాన్ని కాదు."

సరంగు దెబ్బతిన్న కాలిని వెనక్కి లాక్కున్నాడు. అయినా తల వైపు నుంచి మోకాళ్ల మీద జరిగి, తడిపిన టార్పాలిన్ పట్టా దాని కిందకి తోశాడు. బామ్మర్ది తిట్టుకుంటూ తాళ్లు కోశాడు. నలుగురూ పట్టా అంచులు పట్టుకుని ఎత్తారు. టేకు నీళ్లలో జారింది. కాసేపు అక్కడే తేలింది. తర్వాత రెక్కలు ఒక్కసారి ఊపి, నీలంలోకి దిగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సరంగు లేచి మొహం తుడుచుకుని, చట్రం దగ్గర కూర్చుని కంత వెడల్పును జానతో కొలిచాడు.

"ఇంకా చిన్నదిగా ఉందిరా. ఒడ్డుకు తిప్పు, చట్రం కూడా వెడల్పు చేయించాలి, వెల్డింగ్ షాపు మూసేలోపు వెళ్లాలి."