రెండో పేజీలో చనిపోయే తండ్రులు

సూపర్‌హీరోల బొమ్మల సంపుటాల్లో నాకు బొత్తిగా గిట్టనివి మొదటి పేజీలు. గాల్లో ఎగరడం, గోడలు పాకడం, కళ్లలోంచి నిప్పులు కురిపించడం, వీటితో నాకు పేచీ లేదు. కథ అన్నాక ఆమాత్రం ఉంటుంది. నా పేచీ అంతా ఆ హీరోల తండ్రుల గురించి. నేను చదివిన వాటిలో సగానికి పైగా పుస్తకాల్లో తండ్రి రెండో పేజీలోనే చనిపోతాడు. ఒకాయన దొంగ చేతిలో, ఒకాయన మంటల్లో, ఇంకొకాయన ప్రయోగశాల పేలి. మూడో పేజీలో వాన పడుతుంటుంది, జనం నల్లగొడుగులు పట్టుకుని సమాధి చుట్టూ నిలబడతారు. నాలుగో పేజీకల్లా పిల్లవాడు ఎదిగి ముసుగు కుట్టుకుంటూ ఉంటాడు. ఆ తండ్రికి ఏ కూర ఇష్టమో, కోపమొస్తే ఏమనేవాడో ఎవరికీ పట్టదు. కొడుక్కి దారి చూపించడానికే పుట్టాడు, చూపించాడు, పోయాడు.

"కథ షురూ కావాలంటే ఎవడో ఒకడు సావాలె గదక్కా" అనేవాడు మా తమ్ముడు. వాడికి సూపర్‌హీరోలంటే ప్రాణం. నాకు డార్క్ ఫాంటసీ అని అట్ట మీద రాసుండే రకం ఇష్టం: మంత్రగత్తెలు, శాపాలు, భూమి అడుగున రాజ్యాలు, తల తెగినా మాట్లాడే రాజులు. ఇద్దరం పెళ్లీడు దాటిపోతున్నవాళ్లం, బొమ్మల పుస్తకాల కోసం చిన్నపిల్లల్లా గుంజుకునేవాళ్లం. అవ్వ చీపురు ఎత్తితే తప్ప ఆగేవాళ్లం కాదు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

ఈ పుస్తకాలు మాకు దొరికింది గోదావరిఖని చౌరస్తా వెనక పాత పేపర్ల దుకాణంలో. చుట్టుపక్కల టౌన్‌షిప్‌లలో ఆఫీసర్లకు బదిలీలు అయినప్పుడల్లా వాళ్ల పిల్లల పుస్తకాలు తూకానికి అక్కడికి చేరేవి. ఇటుకంత మందం, నున్నటి కాగితం, వేలికి రంగు అంటుతుందేమో అనిపించేటంత ముదురు బొమ్మలు. నేను ప్రైవేటు బడిలో ఇంగ్లిషు చెప్పేదాన్ని. దుకాణం ఆయన నన్ను చూడగానే "టీచరమ్మా, మీ దయ్యాలొచ్చినయ్, తీస్కపోండ్రి" అని నవ్వేవాడు. అవి పొట్లాలు కట్టడానికి కూడా పనికిరావని ఆయన బాధ.

నా అభిప్రాయాలు నాకుండేవి, ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని. సూపర్‌హీరోల ఒంటి మీద కండలు గోనెసంచిలో వంకాయలు కుక్కినట్టు ఉంటాయి. వాళ్ల కొట్లాటలో సగం పట్నం కూలుతుంది, మర్నాడు ఒక్కడూ పార పట్టుకుని కనబడడు. అన్నిటికంటే చిరాకు, చచ్చినవాడు చావకపోవడం. మూడో సంపుటంలో ఏడిపించి పాతిపెట్టినవాడు ఐదో సంపుటంలో కొత్త బట్టలతో లేచొస్తాడు. అలాంటి పుస్తకం ఒకదాన్ని గోడకేసి కొట్టాను. మా బొగ్గుగని కాలనీలో వేళ కాని వేళ సైరన్ మోగితే ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలి పరుగెత్తేవారు. గనిలోంచి మోసుకొచ్చిన వాళ్లెవరూ మళ్లీ లేచి రాలేదు.

డార్క్ ఫాంటసీ వాళ్లు కూడా తక్కువేం తినలేదు. వాళ్ల సొరంగాల్లో గోడగోడకీ కాగడాలు మండుతుంటాయి. బొగ్గుబాయి మనిషి కూతురు అది చూసి ఊరుకోదు, గ్యాసు అంటుకుంటే ఏం గతి అని పక్కన ఎవరుంటే వాళ్లను అడుగుతుంది. కానీ వాళ్లలో నాకు నచ్చింది నిజాయితీ. అక్కడ బేరం బేరంలాగే ఉంటుంది. ఏది ఇస్తే ఏది వస్తుందో మంత్రగత్తె ముందే చెబుతుంది. ఒక సంపుటంలో పడవ నడిపే ముసలాయన కొడుకు కోసం ఆమె దగ్గరికి పోతాడు. ముందు వేళ్లిస్తాడు, తర్వాత చెవులు, తర్వాత కాళ్లు. ఇచ్చినప్పుడల్లా కొడుకు ఒక మెట్టు ఎక్కుతాడు, చివరికి సింహాసనం మీద కూర్చుంటాడు. నాకు ఆ పుస్తకం ఎంతిష్టమో చెప్పలేను. అట్ట చిరిగితే మైదా పిండితో అతికించుకున్నాను.

మా నాన్నను బాపు అంటాం. తట్టా, చెమ్మస్ అనే పారతో బొగ్గు నింపే ఫిల్లర్‌గా గనిలో చేరినవాడు. చదువు రాదు, బొమ్మలంటే ఇష్టం. పొద్దుటి షిఫ్టు చేసొచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని మా పుస్తకాలు తిరగేసేవాడు. ఒక సాయంత్రం తమ్ముడి పుస్తకం పట్టుకుని నన్ను అడిగాడు.

"గీ పిలగాని తండ్రి ఏడి బిడ్డా? మల్ల కనబడ్తలేడు."

"సచ్చిపోయిండు బాపు. రెండో పేజీలనే."

"డ్యూటీల ఉండంగనేనా?"

"ఆయనకు డ్యూటీ గిట్ల ఏం లేదు. దొంగోడు కాల్చిండు."

బాపు ఆ వాన బొమ్మను, గొడుగులను చాలాసేపు చూశాడు. "మంచిగ పోయిండు" అన్నాడు. "కొడుకు ఒడ్డున పడ్డడు."

నాకు అప్పుడు నవ్వొచ్చింది. మా దగ్గర ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. చనిపోకపోయినా, కొత్తగూడెంలో కూర్చునే గని కంపెనీ మెడికల్ బోర్డు ఇతను పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే కూడా వస్తుంది. కొడుకు వయసు దాటిపోకూడదు, తండ్రి రిటైర్మెంట్ మరీ దగ్గర పడకూడదు. అందుకే మా కాలనీలో చావింటికి వచ్చినవాళ్లు ముందు ఎట్ల జరిగిందని అడుగుతారు, వెంటనే గొంతు తగ్గించి "పిలగానికి ఎన్నేండ్లు?" అంటారు. అది పాడుబుద్ధి కాదు. ఆ ఇంట్లో రేపు పొయ్యి వెలుగుతుందా లేదా అని వాకబు చేయడం. పట్నంలో ఒక స్నేహితురాలికి ఇది చెబితే చెవులు మూసుకుంది. మూసుకోనీ.

మా తమ్ముడు ఐటీఐ చేశాడు. దానితో వాడికి దొరికింది బసంత్‌నగర్ వైపు సిమెంటు లారీల దగ్గర కాంట్రాక్టు పని, అదీ నెలలో సగం రోజులు. సంబంధాలు వచ్చేవి, పిల్లగాడికి కంపెనీ కొలువు లేదని తెలిసి చాయ తాగి వెళ్లిపోయేవారు. వాడి వయసు హద్దుకు దగ్గర పడుతోంది. బాపు రిటైర్మెంటూ దగ్గర పడుతోంది. ఇంట్లో ఈ రెండింటి గురించి ఎవరూ పైకి అనేవాళ్లం కాదు.

బాపుకు అప్పటికే షుగర్. గోలీలు వాడుతున్నాడు, అదుపులోనే ఉంది. ఒక ఉదయం నేను బడికి బయల్దేరుతుంటే అవ్వ చెయ్యి పట్టుకుని స్నానాల గది వెనక్కి తీసుకుపోయింది. తూము దగ్గర చీమలు. నల్లగా బారు కట్టి, తూములోకి, తూములోంచి.

"మీ బాపు ఒంటికి పోయొచ్చిన కాడనే" అంది అవ్వ. "రోజు గోలీ నేనే చేతిల వెడ్తున్న. నీళ్లు గూడ ఇస్తున్న."

మింగినట్టు చేసి, పెరట్లోకి పోయి ఉమ్మేస్తున్నాడు. ఆ సాయంత్రం మంచం దగ్గర నిలబడి అడిగాను. తప్పు చేసి దొరికిన మొహం పెట్టలేదు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఏస్కుంటే షుగర్ దిగుతది. దిగితే బోర్డోళ్లు నన్ను ఎందుకు అన్‌ఫిట్ అంటరు బిడ్డా?"

"కండ్లు పోతయ్ బాపు. కాళ్లు పోతయ్."

"పోతే పోనీ. రిటైరైనంక వాటితోని నాకేం పని?"

నేను అరిచాను. నాకు కోపమొస్తే చిన్నా పెద్దా ఉండదు, అది బాపు పోలికే. అరిచి, ఏడ్చి, తమ్ముడి మీదికి పోయాను. వాడు గడప మీద కూర్చుని చెప్పు తెగిన చోట దారం కడుతున్నాడు.

"నేను చెప్పలే అనుకుంటున్నవా అక్కా?" అన్నాడు తల ఎత్తకుండా. "నాకద్దు బాపు అన్న. కాళ్లు మొక్కిన. 'నీకేమెరుక, నోరు ముయ్' అన్నడు."

అప్పటినుంచి గోలీ వేశాక నోరు తెరిచి చూపించమనేదాన్ని. నవ్వుతూ తెరిచేవాడు. చెంప సందున దాచేవాడని తర్వాత తెలిసింది.

మొదటిసారి కొత్తగూడెం పోయినప్పుడు బోర్డు బాపును అన్‌ఫిట్ అనలేదు. బాయిలో దిగొద్దు, పైన తేలికపాటి పని చేసుకోవచ్చు అంది. వాళ్ల కళ్ల ముందున్న మనిషికి అది సరైన మాటే. మా క్వార్టర్ల లైన్‌లో వాళ్లు సర్ఫేస్ డ్యూటీ వచ్చిందని బాపును అభినందించారు. ఆయన మాత్రం ఏ షిఫ్టు తర్వాతా రానంత అలసటతో వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాత బాపు కుడికాలి బొటనవేలిని బూటు కరిచింది. చిన్న పుండు. దాన్ని గుడ్డపేలిక చుట్టి మాకు చూపించకుండా తిరిగాడు. మళ్లీ బోర్డుకు పోవాల్సిన నెలలోనే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలన్నీ ఆగిపోయాయి, బస్సులు లేవు, బోర్డు వాయిదా పడింది. బాపు కుంటుకుంటూ పోయి రోడ్డు మీద వంటావార్పులో కూర్చొని వచ్చేవాడు. ఆ రోజుల్లో అందరి మొహాల్లో ఒక వెలుగు ఉండేది, ఆయన మొహంలోనూ ఉంది. పుండు మాత్రం సమ్మె చేయలేదు. ఇంట్లో వాసన మొదలయ్యాక ఆటోలో పడేసుకుని దవాఖానకు తీసుకుపోయాను. ముందు వేలు తీశారు, తర్వాత పాదం. చూపు కూడా మసకబారుతూ పోయింది.

ఆ తర్వాత బోర్డు ఆయన్ని ఎక్కువసేపు చూడలేదు. అన్‌ఫిట్.

తమ్ముడి వయసు ఇంకా హద్దు దాటలేదు. వార్త తెలిసిన రోజు బాపు మిఠాయి తెప్పించి లైనంతా పంచమన్నాడు. షుగర్‌తో కాలు పోయిన ఇంట్లోంచి అందరికీ మిఠాయి వెళ్లింది. తిన్నారు. "పని అయ్యింది కాకా" అన్నారు. నేను ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని బయటికి పోయి ఉమ్మేశాను.

ఆ వారమే పడవవాడి పుస్తకాన్ని పాత పేపర్ల దుకాణంలో ఇచ్చేశాను. దుకాణం ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది టీచరమ్మా, దయ్యాలతోని కొట్లాట అయ్యిందా?" అన్నాడు. బొమ్మలు బాగాలేవని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆఖరి పేజీలో కొడుకు సింహాసనం మీద కూర్చుంటే, తండ్రిని ఒక మూల వెనక నుంచి గీశాడు ఆ చిత్రకారుడు. అన్ని పేజీల నిండా పేగులు, పుర్రెలు గీసినవాడికి ఆ ముసలాయన మొహం గీసే ధైర్యం లేకపోయింది. ఇన్నాళ్లూ దాన్ని నిజాయితీ అనుకున్నాను నేను. బేరం ముందే చెప్పినంత మాత్రాన సరిపోదు. సూపర్‌హీరోల పుస్తకాలూ అంతే. మొదటిసారి ముసుగు వేసుకుని బయల్దేరడం రెండు పేజీల నిండుగా గీస్తారు. పని ముగించుకుని ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో గీసినవాడిని నేను చూడలేదు.

మా ఇంట్లో చూశాను. కాగితాలు తిరిగి తిరిగి, రాష్ట్రం వచ్చిన ఏడాదికి తమ్ముడికి కొలువు ఖాయమైంది. రోడ్ల మీద గులాబీ రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ట్రైనింగ్ అయ్యాక వాడు మొదటిసారి బాయిలో దిగిన రోజు బాపు పొద్దున్నుంచీ గడప దగ్గర కుర్చీలో కూర్చున్నాడు, టైమెంత అయిందని అవ్వను అడుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక తమ్ముడు వచ్చాడు. కళ్లు, పళ్లు తప్ప అంతా నలుపే. అవ్వ నీళ్లు తోడుతుంటే బాపు వాణ్ని దగ్గరికి పిలిచాడు. తడుముకుంటూ వాడి మొహం మీద చెయ్యి వేశాడు. నుదురు, చెంపలు, గడ్డం.

"భయమైందా బిడ్డా?"

"అయింది."

బాపు వేళ్ల మధ్య ఆ పొడిని నలుపుతూ ఉండిపోయాడు.

"బాయి మంచిది కాదు బిడ్డా. పైలం."

"మంచిది కాదని ఎరుకై ఎందుకిచ్చినవు బాపు?"

తమ్ముడు కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"ఇయ్యనీకె నా తాన ఇంకేమున్నది?" అన్నాడు బాపు.

వాడు మెడలో తువ్వాల తీసి, బాపు వేళ్లకు అంటిన బొగ్గు ఒక్కొక్క వేలే తుడిచాడు. తుడిచేకొద్దీ నలుపు ఎక్కువైంది, తువ్వాలంతా బొగ్గే.