అల్లుడి మీద ఫిర్యాదు

ఆయన ముప్పై నాలుగేళ్లు పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కూడా పొద్దున్న తొమ్మిదయ్యేసరికి కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. వాటిని ఊరికే తిప్పడం ఇష్టంలేక పని కల్పించుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ వెనక రేకుల గదుల వరస ఉంది. సొంత దేశంలో ఇళ్లు తగలబెడితే పారిపోయి వచ్చిన పదకొండు కుటుంబాలు అందులో ఉంటున్నాయి. వాళ్లను ఆసుపత్రికీ, ఆఫీసులకీ వెంటబెట్టుకెళ్లి, ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ గుమస్తా ఎన్నింటికి భోజనానికి లేస్తాడో చెప్పేవాడు. అందరికీ ఆయన పోస్టు పెద్దాయన. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే భార్య మాత్రం, జీతం లేని డ్యూటీకి వెళ్లారని చెప్పేది.

మూడో గదిలో ఒకావిడ, తొమ్మిదేళ్ల కూతురు. ఆవిడ గోదాములో చిరిగిన గోనెసంచులు కుడుతుంది. వచ్చి ఎనిమిది నెలలైంది. భాష పట్టుబడింది, పని దొరికింది, పిల్లకు బడి మాత్రం దొరకలేదు. చేర్చుకునే గడువు నెలాఖరుతో సరి. ఈ ఏడూ తప్పితే పిల్ల కూడా తల్లి పక్కన కూర్చుని దబ్బనం పట్టుకోవడమే. గోదాము మేస్త్రీ అప్పటికే పిల్ల వేళ్లు సన్నగా ఉన్నాయని మెచ్చుకున్నాడు.

బడి గుమస్తా చిరునామాకు రుజువు అడిగాడు. అద్దె చీటీ అడుగుదామంటే గదుల యజమాని అసలు ఆ గదులే లేవంటాడు. ఉన్నాయంటే పన్ను కట్టాలి. తల్లీ కూతుళ్లిద్దరూ బల్లకు ఇవతల నిలబడి ఉండగానే గుమస్తా చెప్పాడు.

"మీరున్నారు, నేను కాదనను. ఎక్కడున్నారన్నదే తేలట్లేదు."

పోస్టు పెద్దాయనకు ఒక ఆలోచన వచ్చింది. బడి తరఫున ఆవిడ పేర ఆ గదికి ఒక రిజిస్టరు ఉత్తరం వేయండి, అందినట్టు సంతకం తిరిగొస్తే ఆవిడ అక్కడ ఉన్నట్టేగా అన్నాడు. గుమస్తాకు ఆ పద్ధతి నచ్చింది. తను కుర్చీలోంచి లేవక్కర్లేదు మరి. ఉత్తరం వస్తుందని పెద్దాయన ఆవిడకు చెప్పలేదు. ముందే చెప్పి పంపేది ఉత్తరమెలా అవుతుంది, నాటకం అవుతుంది గానీ అని ఆయన నమ్మకం. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, రిటైరయ్యాక చేసిన ఈ ఒక్కటీ ఒక ఎత్తు.

ఆవిడ దేశంలో సంతకం పెట్టించుకునే ఉత్తరాలు ఒక రకానివే. వాటి వెనకాల వారం తిరక్కుండా మనుషులొస్తారు. ఆవిడ భర్త అలాంటిదొకటి అందుకుని, సంతకం పెట్టి, వాళ్లతో వెళ్లాడు. మళ్లీ రాలేదు. అందుకని వచ్చిన కొత్తలోనే ఆవిడ వరసంతా తిరిగి ఒక మాట తీసుకుంది: యూనిఫాం వేసుకున్నవాడెవడైనా నా పేరు అడిగితే అలాంటి మనిషి లేదని చెప్పండి. వాళ్లూ తమ పేర్లకు ఆవిడ దగ్గర అదే మాట తీసుకున్నారు. పోస్టుమాన్ వచ్చిన రోజు పదకొండు గదులూ మాట తప్పలేదు. మూడో గదిలోంచి ఆవిడే బయటికొచ్చి, అలాంటి మనిషి ఇక్కడ లేదని చెప్పింది. చాలా మర్యాదగా చెప్పిందట.

"ఈ చిరునామాలో అలాంటివారు లేరు" అన్న రాతతో ఉత్తరం అదే సాయంత్రం బడికి తిరుగుముఖం పట్టింది. గుమస్తా దాన్ని దరఖాస్తుకు గుండుసూదితో గుచ్చాడు. అప్పటిదాకా ఆవిడ ఉందనడానికి రుజువు లేదు. ఇప్పుడు లేదనడానికి రుజువు వచ్చింది.

పెద్దాయన ఆ రాత చూడగానే గుర్తుపట్టాడు. అది ఆయన అల్లుడిది. పిల్లనిచ్చి, ఆ తర్వాత తను తిరిగిన వీధులే అప్పగించి, సార్టింగ్ నేర్పింది కూడా ఆయనే. అల్లుడింటికి వెళ్లి అడిగాడు.

"పదకొండు గదుల్లో అడిగాను మావయ్యా. పదకొండూ లేదన్నాయి. ఇంకెవర్నడగను, ఐసు దిమ్మల్నా?"

"రెండో రోజు వెళ్లావా?"

"రెండో రోజుకి రెండో రోజు ఉత్తరాలుంటాయి కదా."

అందులో అబద్ధం లేదు. ఇద్దరు చేయాల్సిన వీధుల్ని నాలుగేళ్లుగా ఒక్కడే చేస్తున్నాడు. రెండో ఉద్యోగం కాగితం మీద ఉంది, మనిషి లేడు. కానీ రూలు రూలే. మనిషి దొరక్కపోతే చీటీ వదలాలి, మర్నాడు మళ్లీ వెళ్లాలి, వారం పాటు ఉత్తరాన్ని ఆఫీసులో ఉంచాలి. అల్లుడు మూడింట్లో ఒకటీ చేయలేదు.

ఇంకో ఉత్తరం వేయమంటే గుమస్తా ఒప్పుకోలేదు. ఫైల్లో ఒకసారి లేరని ఎక్కాక లేనట్టే అన్నాడు. గడువు పదహారు రోజులుంది. ఆ పూట పెద్దాయన అన్నం కలిపి తినకుండా లేచాడు. భార్య అడిగితే, అల్లుడి మీద ఫిర్యాదు పెట్టాలి అన్నాడు. ఫిర్యాదు పడితే ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ చేయాలి. ఉత్తరం వెళ్లిన రోజు ఆ మనిషి అక్కడ ఉందో లేదో తేల్చి, రాసి, సీలు వేయాలి. ఉందని తేలిందా, అంతకన్నా పెద్ద రుజువు ప్రభుత్వంలోనే లేదు.

"మరి మన అమ్మాయి?" అంది భార్య.

ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

అయితే ఫిర్యాదు మీద సంతకం ఉత్తరం అందాల్సిన మనిషే పెట్టాలి. కాగితం తీసుకుని మూడో గదికి వెళ్లాడు. ఆవిడ చదివించుకుని విన్నది. కలం మాత్రం ముట్టుకోలేదు.

"సంతకం పెడితే వస్తారు బాబాయిగారూ."

"వస్తారమ్మా. రావాలనే పెడుతున్నాం."

"వచ్చి?"

"నువ్వున్నావని రాసుకుని పోతారు."

"రాసుకుని పోవడమేనా? నన్ను తీసుకుపోరుగా?"

పెద్దాయన జన్మలో ఎవరికీ హామీ ఇవ్వలేదు. ఉత్తరాలు ఇచ్చాడు, అంతే. విచారణ జరిగే పూటంతా గుమ్మంలో కూర్చుంటానని మాత్రం అన్నాడు.  ఆవిడ పిల్లను బయట ఆడుకోమని పంపి సంతకం పెట్టింది.

సంగతి తెలిసి కూతురు పుట్టింటికొచ్చింది.

"నాన్నా, కంప్లయింటు పెట్టడానికి నీకింకో పోస్టుమాన్ దొరకలేదా?"

"ఆ వీధికి ఇంకొకడు లేడమ్మా. రెండోవాణ్ని వేయమని కూడా అదే కాగితంలో రాశాను."

"వేస్తారా?"

"ఆ పేరా వాళ్లు చదవరు."

ఆ రోజు నుంచి కూతురు మాట్లాడటం మానేసింది. పోస్టాఫీసులో మాత్రం పిల్లనిచ్చిన మామే ఫిర్యాదిచ్చాడని మూడు రోజులు చెప్పుకున్నారు. నాలుగో రోజు టపా ఎక్కువగా వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెద్దాయన చెప్పినట్టే గుమ్మంలో కూర్చున్నాడు. ఆరోజు మీరే లేరన్నారట కదా అని ఇన్‌స్పెక్టరు ఆవిణ్ని అడిగాడు. భయమేసి అన్నానని చెప్పింది. ఆయన ఆ మాటా రాసుకున్నాడు. పదకొండు గదుల వాళ్ల వాంగ్మూలాలూ తీసుకునేసరికి మధ్యాహ్నమైంది. తల్లీ కూతుళ్లు ఎనిమిది నెలలుగా వరసలో మూడో గదిలోనే ఉంటున్నారనీ, పోస్టుమాన్ రెండోసారి వెళ్లకపోవడం విధి నిర్వహణలో లోపమనీ రిపోర్టు వచ్చింది. అల్లుడికి మెమో, ఆర్నెల్లు ఇంక్రిమెంటు కోత. ఆవిడకు నకలు. గడువుకు రెండు రోజుల ముందు బడి గుమస్తా ఆ నకలు రెండుసార్లు చదివి, సీలు మీద బొటనవేలితో రుద్ది చూసి, పిల్లను చేర్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్న పెద్దాయన తలుపు తీసేసరికి మిగతా పది కుటుంబాలూ మెట్ల మీద కూర్చుని ఉన్నాయి. ఎవరి కాగితం వాళ్లే తెచ్చుకున్నారు. అప్పుడే అల్లుడు కూడా వచ్చాడు. ఫిర్యాదు పడ్డాక అత్తారింటి గడప తొక్కడం అదే మొదలు. భార్యే తరిమిందని తర్వాత తెలిసింది. వాళ్లంతా దేనికొచ్చారో తెలుసుకుని అతను మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఇంతమందికీ నేనేం చేశానమ్మా?"

వాళ్లలో ఒక ముసలమ్మ సర్ది చెప్పింది. "నీమీద కోపం లేదు నాయనా. నీమీద రాస్తేనే మాకు ఇల్లున్నట్టు."

అల్లుడు మామగారి మొహం చూశాడు. ఆయన పైకప్పు చూశాడు. పది ఫిర్యాదులంటే ఎన్ని ఇంక్రిమెంట్లో లెక్క కట్టుకోవడానికి అల్లుడికి ఎంతోసేపు పట్టలేదు. గంటలో పెయింటు డబ్బా, బ్రష్షు పట్టుకుని రేకుల గదుల దగ్గరికి వెళ్లాడు. ఒకటి నుంచి పదకొండు దాకా తలుపుల మీద అంకెలు వేశాడు. యజమాని పరుగున వచ్చి, ఈ గదులకు నంబర్లేమిటి అన్నాడు. లేని గదులకు నంబరు వేస్తే మీకేం నష్టమండీ అని అల్లుడు పని చేసుకుపోయాడు.

తర్వాత ఏ ఇంట్లో ఎవరుంటారో రాసుకునే వీధి పుస్తకం తీసి, ఇక ఉత్తరం వస్తే అందేలా గది గదికీ పేర్లడిగి రాసుకున్నాడు. మెమోతోపాటు తనకిచ్చిన వాంగ్మూలాల్లోని పేర్లకూ, ఇప్పుడు చెప్పినవాటికీ రెండు చోట్ల తేడా వచ్చింది. భయంతో ఇన్‌స్పెక్టరుకు చెప్పినవి కాక, ఇప్పుడు చెప్పినవే రాశాడు.