తల వైపు రెండు ఇటుకలు

హోసూరులో బస్సు దిగేసరికి సన్నటి చినుకు. డిసెంబరు నెల. భుజాన కిట్ బ్యాగు, కాళ్లకు ఇంకా కొండల మీద తొడిగిన బూట్లే. అరవైల నాటి మాట. సరిహద్దులో డ్యూటీ ముగించి వస్తున్నవాణ్ణి ఆరు నెలల పాటు ఇక్కడి శిక్షణ క్యాంపులో ఆసుపత్రి గుడారం చూసుకోమన్నారు. మా గురుబరపల్లికి ఇంత దగ్గరగా పోస్టింగు పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఊళ్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, "తుపాకీ పేల్చినావా అప్పా?" అని. నేను నర్సింగ్ సిపాయిని. నా చేతిలో ఉండేది థర్మామీటరు. నేను చేసిన గట్టి యుద్ధం కృష్ణగిరి రోడ్డు పక్కన ఒక ఇనప మంచం దగ్గర జరిగింది. అందులో గెలిచామో ఓడామో నన్నడిగితే చెప్పలేను.

రెండో వారంలో మా రేషను లారీ మలుపులో జారింది. డ్రైవరు ఎగిరి పడ్డాడు. తల మైలురాయికి తగిలింది. సామల్పట్టివాడు, నవ్వుమొహం. రోజూ పొద్దున నా గుడారం ముందు లారీ ఆపి, "డాక్టరప్పా, నాకు ఏ రోగమూ లేదు, టీ ఉంటే పొయ్యి" అనేవాడు. నేను డాక్టర్ని కాదని అతనికి తెలుసు. ఆ రోజు అతను కళ్లు తెరవలేదు.

మా కెప్టెన్ డాక్టరు బందరు వైపు మనిషి. పెద్దాసుపత్రికి కబురంపితే, పుర్రె తెరిచే సర్జను అక్కడ లేడు, రెండు రోజులకు గానీ రాడన్నారు. కృష్ణగిరి కోమట్ల అబ్బాయి ఒకడు మా సిగ్నల్ హవల్దారు. అక్కడి నుంచి వైర్‌లెస్‌లో వచ్చిన ఆర్డరు తెచ్చి అతనే చదివాడు.

"రోగిని కదిలించొద్దంట. తల ఎత్తులో పెట్టాలంట. పావుగంటకొకసారి నాడి, బీపీ, కంటిపాప చూడమన్నారప్పా."

మంచం తల వైపు కాళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టాం. కంటిపాప చూడాలంటే వెలుగు కావాలి. లాంతరు కట్టిన గుంజ ఉత్తరాన ఉంది. అందుకని తల ఉత్తరానికి వచ్చింది. అది చూసి నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మా ఇంట్లో పిల్లి కూడా ఉత్తరం తలగడగా పడుకోదు. కానీ ఆర్డరు ఆర్డరే.

మరునాడు మధ్యాహ్నం బీపీ పెరగడం మొదలైంది. నాడి నెమ్మదించింది. వేలి కింద నిండుగా, బలంగా కొడుతోంది. కోలుకుంటున్నాడని సంబరంగా చెప్పాను. కెప్టెన్ మొహం ముడుచుకుంది.

"అది బలం కాదోయ్. లోపల వాపు నొక్కుతోంది. మెదడుకు రక్తం చాలక గుండెను గట్టిగా కొట్టించుకుంటోంది. మీ ఊళ్లో మడికి నీళ్లు చాలితే గట్టు గండికి మట్టి వేసి మడవ కడతారు కదా?"

"కడతాం సార్."

"మంచి మెదడు తన మడవ తానే కట్టుకుంటుంది, తానే తెంచుకుంటుంది. కాలవలో నీళ్లు పెరిగినా తగ్గినా మడికి ఎంత కావాలో అంతే వదులుతుంది. మనం పడుకున్నా లేచినా కళ్లు తిరగనిది అందుకే. దెబ్బ తిన్నాక మడవ కట్టేవాడు లేడు. ఎంత వస్తే అంత లోపలికి."

"అయితే బీపీ తగ్గించే మందు ఇద్దామా సార్?"

"తగ్గిస్తే మెదడు ఎండిపోతుంది."

"పెరగనిస్తే?"

"వాపు పెరుగుతుంది."

"మరి ఏం చెయ్యాలి సార్?"

"చూస్తూ ఉండాలి."

నాకు ఒళ్లు మండింది. చూస్తూ ఉండడానికి సైన్యమెందుకు? ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే అంటే నేను దేని కోసం మొక్కుకోవాలి? రాత్రికి బీపీ దానంతటదే కొంచెం దిగింది. ఎందుకు దిగిందో కెప్టెన్ కూడా చెప్పలేదు.

తెల్లారి తల్లి వచ్చింది. సామల్పట్టి నుంచి కృష్ణగిరికి, అక్కడి నుంచి బెల్లం లారీలో మా దాకా. కూలిపని చేసి గట్టిపడిన మనిషి. ఏడవలేదు. కొడుకు పాదాలు తడిమి మంచం కాడే కూర్చుంది. నాడి, బీపీ లెక్కలు వైర్‌లెస్‌లో చెప్పడానికి నేను సిగ్నల్ గుడారానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మంచం మీద అతని పాదాలున్న చోట తల ఉంది.

వంటవాణ్ణి సాయం పిలిచి కొడుకును తిప్పేసింది. తల దక్షిణానికి వచ్చింది. ఇటుకలు మాత్రం ఉత్తరానే ఉన్నాయి. తల పల్లంలో, కాళ్లు ఎత్తులో.

"ఏమప్పా, ఉత్తరం పక్క తల పెట్టి పండబెట్టినారే. బతికుండే బిడ్డను అట్ల పండబెడతారా? అందుకే తిప్పినాను."

"ఇటుకలు చూడలేదామ్మా?"

"నేల వాలుగా ఉండాదని పెట్టినారనుకొంటిని."

నాడి పట్టుకున్నాను. నిన్నటి కంటే నెమ్మది. ఎడమ కంటిపాప వెడల్పయింది. గొంతెత్తి కెప్టెన్ను పిలిచాను. ఆయన వచ్చి కంటిపాప చూశాడు.

"మనిషిని మళ్లీ తిప్పొద్దు. ఇటుకలు తీసి ఇటు పెట్టండి. లాంతరు కూడా."

నేనూ వంటవాడూ మంచం ఉత్తరపు కొస ఎత్తి, ఆమె ఇటుకలు లాగాక దించి, దక్షిణపు కొస ఎత్తాం. ఆమె మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, తన చేతులతోనే వాటిని కొడుకు తల వైపు మంచం కాళ్ల కింద పెట్టింది. పని అయ్యాక చూస్తే తల ఎత్తులోనూ ఉంది, దక్షిణానికీ ఉంది. ఇంత సులువైన పని మొదటి రోజే మాకు ఎందుకు తోచలేదో.

నాడి మెల్లగా పుంజుకుంది. కంటిపాప మాత్రం పూర్తిగా సర్దుకోలేదు. సర్జను వచ్చాక తీసుకెళ్లి గడ్డకట్టిన రక్తం తీశారు. బతికాడు.

వేసవిలో సామాను తీసుకోవడానికి తల్లీ కొడుకులు క్యాంపుకు వచ్చారు. అతని కుడిచెయ్యి వేలాడుతోంది. నన్ను చూసి నవ్వాడు. ఏదో అనబోయాడు, మాట రాలేదు. టీ ఇచ్చాను, ఎడమచేత్తో తాగాడు. ఆమె నన్ను పక్కకు పిలిచి ఆ రెండు ఇటుకలు ఇమ్మంది. ఇచ్చాను.

వాళ్లెక్కిన లారీ కదలబోతుంటే ఆమె మెల్లగా అడిగింది.

"ఆ పొద్దు నేను తిప్పినందుకేనా అప్పా, వీడి చెయ్యి పోయింది?"

అంతకుముందే కెప్టెన్ను ఈ మాట అడిగాను. తిప్పడం వల్ల కావచ్చు, మొదటి దెబ్బకే పోయుండవచ్చు, ఎవరూ చెప్పలేరన్నాడు.

"కాదమ్మా" అన్నాను.

కొన్నాళ్లకు నేనూ ఇల్లు చేరాను. సైన్యం మాట ఎవరెత్తినా నా కళ్లకు కొండలు కనిపించవు. లారీ వెనకభాగంలో కొడుకు తల భుజానికి ఆనించుకుని, ఒడిలో రెండు ఇటుకలు పెట్టుకుని, నా జవాబు నమ్మాలా వద్దా అని నా మొహం వైపే చూస్తున్న ఆ తల్లి కనిపిస్తుంది.