రిపోర్టు కనబడని ముఖం

ఈ ఉదయం మా ఎక్స్‌రే గదిలో, శిక్షణకు వచ్చిన అమ్మాయి ఒక పెద్దాయన ఛాతీ బొమ్మ చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. గుండీలు పెట్టుకుంటున్న ఆయన చేతులు ఆగిపోయాయి. "ఏముందమ్మా?" అన్నాడు. "డాక్టరుగారు చెబుతారండి" అని నేనే పంపించేశాను. ఆ పిల్లకు అప్పుడే చెప్పవలసిన పాఠం ఒకటుంది. చెప్పబోతే నాకు నోరు రాలేదు.

ఆ పాఠం నాకు నేర్పింది, గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నేను శిక్షణ పొందినప్పటి మా సీనియర్. వయసులో అమ్మంతే గానీ అందరికీ అక్కే. చుట్టూ అద్దాల ఆఫీసులు కాబట్టి, మెడలో ఐడీ కార్డు తీయడం మరిచిపోయే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళే మాకు ఎక్కువగా వచ్చేవారు. "గొలుసు తియ్యుండ్రి, గాలి గుంజుండ్రి, ఆపుండ్రి" అనే అక్క గొంతు వరండా చివరిదాకా వినిపించేది. బొమ్మ ముందు చూసేది మేమే అయినా, అందులో ఏముందో చెప్పవలసింది డాక్టరు. నా నోట్లో నువ్వుగింజ నానదు. నా ముఖం అంతకన్నా వాగుడుకాయ. అందుకని అక్క నన్ను కూర్చోబెట్టి, మంచి ఎముకలూ విరిగిన ఎముకలూ కలిపి తెరమీద చూపిస్తూ, తాను మాత్రం నా ముఖమే చూసేది. "మల్ల కనబడ్డది. పేషెంట్ మన మొఖంల రిపోర్ట్ చదువుకుంటడు. ఇంటికి పొయ్యేదాంక పరేషాన్ అయితడు." కనుబొమ్మ కదిలితే చాయ్ తేవడం నా వంతు. ఆ కాలమంతా చాయ్ నేనే తెచ్చాను.

వానాకాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. ఏసీ వల్లనే అని కొట్టిపారేసేది. డాక్టరు ఎక్స్‌రే రాసిచ్చినా కొన్నాళ్ళు వాయిదా వేసి, ఒక మధ్యాహ్నం "నువ్వే తియ్యి" అంటూ వచ్చి నిలబడింది. ఊపిరి పీల్చమన్నాను, ఆపమన్నాను, వదలమన్నాను. తెరమీద, కుడి ఊపిరితిత్తిలో, నిమ్మకాయంత తెల్లటి మచ్చ. ఈసారి నా కనుబొమ్మ మాత్రం కదలలేదు. తలుపు తీసి, "అయిపోయిందక్కా, డాక్టరుగారు చెబుతారు" అన్నాను.

అక్క నా ముఖమే చూసింది. తర్వాత దగ్గరికొచ్చి నా తల నిమిరింది.

"బొమ్మ మంచిగుంటే నవ్వుకుంట వచ్చేటిదానివి బిడ్డా," అంది. "మంచిగ నేర్చినవ్."

మరుసటి వేసవికి అక్క లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె ముఖం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆమె నాకు నేర్పిన ముఖం మాత్రం, ఆమె శవం పక్కన కూడా కదలనిది, రోజూ పొద్దున్నే అద్దంలోంచి నన్ను చూస్తుంటుంది.