ఎనిమిదో నెలలో ఆడిన ఆట

డెబ్బైల్లో విజయవాడలో చదరంగం పోటీలకు వచ్చే ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను ఎనిమిదో నెల కడుపుతో వెళ్లాను. అత్తగారు వద్దనలేదు. "ఒక్కదానివే ఎందుకులే, నేనూ వస్తా" అని కంకిపాడులో నాతోపాటు బస్సెక్కి, ఆట జరిగే హాలు బయట వరండాలో కూర్చుని బైబిలు తెరిచారు.

నాకు నల్లపావులు వచ్చాయి. ఎదుట ఒక బ్యాంకు ఆఫీసరు. ఆయన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపి గడియారం నొక్కారు. నేనూ అలాగే జరిపాను. కొన్ని ఎత్తులయ్యాక మంచినీళ్లు తాగుతుంటే తట్టింది: పొద్దుట్నుంచి బిడ్డ కదలలేదు.

నేను అన్నం తింటుంటే చాలు, తన్నే బిడ్డ. బల్ల కింద పొట్టను మెల్లగా నొక్కి చూశాను. ఏమీ లేదు. లేచి అత్తగారికి చెబుదామనుకున్నాను. పైకి అంటే నిజమైపోతుందేమోనని కుర్చీలోనే ఉండిపోయాను.

"డ్రా చేసుకుందామాండీ?" అన్నాను.

ఆయన బోర్డు కేసి చూసి, "ఇంకా బోలెడు ఆటుంది కదండీ" అన్నారు.

ఓడిపోయానని చెప్పి లేచిపోవచ్చని నాకు తోచనే లేదు. ఆయన నా రాజు మీదికి బంట్లను తోసుకొచ్చారు. నేను ఒక చెయ్యి పొట్ట మీదే ఉంచి ఆడాను. ఆ ఊపులో తన రాజు ముందంతా ఖాళీ చేసుకున్నారాయన. నా గుర్రం అక్కడికి దూకింది, వెనకే మంత్రి. ఆయన ఓటమి ఒప్పుకుని, రాజును పడుకోబెట్టి చెయ్యి చాపారు. చల్లబడ్డ నా చెయ్యి తగలగానే, "ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నారు.

నేను గబగబా వరండాలోకి వచ్చాను. "అత్తయ్యా, బిడ్డ కదలట్లేదు."

ఆవిడ బైబిలు మూసి, "ఎప్పట్నించి?" అని మాత్రం అడిగారు. రిక్షా ఆస్పత్రి చేరేదాకా నా చెయ్యి వదలలేదు.

నర్సు చెక్క గొట్టాన్ని పొట్టకు ఆనించి చెవి పెట్టింది. ఒకచోట విని, ఇంకోచోటికి జరిపింది.

"ఏమైందండీ?"

"మాట్లాడకమ్మా."

మళ్లీ జరిపింది. ఈసారి చాలాసేపు ఆగి, తల ఎత్తకుండానే, "ఉంది. కొట్టుకుంటోంది" అంది.

అత్తగారు గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయారు.

మర్నాడు ఆటకు వెళ్లలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగానే పుట్టింది. అయినా నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం మాత్రం చాన్నాళ్లు మానలేకపోయాను.