తమ్ముడి పన్ను నొప్పి

పెర్సీ ఊళ్లో గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. ఇప్పుడు ఫ్రాన్సులో, కందకంలో, బిస్కెట్ల డబ్బా మీద కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నా పెన్సిల్ మొన నాలికతో తడుపుకుంటూ ఆస్ట్రేలియాలో ఉన్న అమ్మకు ఉత్తరం రాస్తాడు. యుద్ధం మాట ఎత్తడు. అమ్మ అడిగినవాటికే, అడిగిన వరుసలోనే జవాబులిస్తాడు. ఆమె ఉత్తరం ఓడల్లో రెండు నెలలు తిరిగి చేరుతుంది. ఈసారి కుక్క పిల్లల్ని పెట్టిందనీ, వానలు లేవనీ రాసి, "తమ్ముడి పన్ను నొప్పి తగ్గిందా?" అని అడిగింది. తనతోపాటే యుద్ధానికి వచ్చిన తమ్ముడు మెర్విన్‌ను పోయిన నెలలోనే ఇక్కడ పూడ్చారు.

"చావు తంతి పాస్టరు చేతే ఇంటికి పంపుతారు, ఈపాటికే ఆయన అది పట్టుకుని మీ గుమ్మం ఎక్కే ఉంటాడు కదరా. ఇంకేం రాస్తావ్?" అన్నాడు పక్కనున్న డార్సీ.

"తెలుసు లేరా. అడిగింది కదా."

బురద చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని రాశాడు: "వాడికిప్పుడు నొప్పి లేదమ్మా."